వీసం తక్కువ

ఈ ఊళ్లో దూరం కిలోమీటర్లలో ఉంటుంది,
డీజిల్ లీటర్లలో, చలి సెల్సియస్‌లో.
చెక్క మాత్రం అంగుళం దాటి రానంటుంది.
నోవా స్కోషియా తీరాన పడవల షెడ్డులో
పనికి చేరిన మొదటి వారం
నేను తప్పు కోసిన పలకలన్నీ
స్టవ్వులోకే పోయాయి.
వారం వెచ్చగానే గడిచింది.

నా దగ్గరున్నది డిజిటల్ కాలిపర్.
ఓక్ ముక్కను దాని దవడల్లో ఇరికించి చదివాను:
సున్నా పాయింట్ ఆరు, ఎనిమిది, ఏడు, ఐదు.
ఆన్సెల్ కోర్కమ్ చిత్రిక ఆపలేదు.
"అది ఫోన్ నంబరులా ఉంది, మారిట్.
కొలత చెప్పు."

తలుపు వెనక ఆయన పెన్సిల్‌తో రాసుకున్న పట్టీ ఉంది,
నలభై ఏళ్ల వేలిముద్రలతో నల్లబడి.
పావుకి ఎదురుగా ఇరవై ఐదు.
అరపావుకి నూట ఇరవై ఐదు.
వీసానికి ఆరువందల ఇరవై ఐదు, ముందొక సున్నా.
ముక్క చిన్నదయ్యేకొద్దీ
దాని పేరు పొడుగవుతోంది.
నేను వేలు పెట్టి వెతుకుతుండగానే
ఆయన మెట్లు దిగినట్టు చెప్పాడు:
"అర. దాని మీద అరపావు. ఆ పైన వీసం."
కూడి చూశాను. సరిపోయింది.
కాగితం మడతల్లాంటి లెక్క అది.
సగం చెయ్యి, అందులో సగం చెయ్యి,
చాలనిపించిన చోట ఆపు.

ఆయన కళ్లకి ఇప్పుడు వీసం గీతలు ఆనవు.
టేపు మీద బొటనవేలి గోరు ఆనించి
నా వైపు తిప్పుతాడు. అడగడు.
నేను దశాంశం మింగేసి
భిన్నం పైకి చెబుతాను.

ఫిబ్రవరిలో నికిల్ వాళ్లు ముగ్గురూ వచ్చారు,
విలెట్టా, మర్డక్, చిన్నవాడు ఎల్డన్.
వాళ్లమ్మ థిర్జా లాబ్‌స్టర్ పడవ మా షెడ్డులోనే ఉంది.
ముప్పై నాలుగు అడుగులు.
వకీలు కాగితంలో ఒక్కొక్కరికి
ముప్పై మూడు పాయింట్ మూడు మూడు శాతం.
మర్డక్ కూడాడు. మళ్లీ కూడాడు.
"తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది.
మిగిలింది ఎవరిది?"
ఎవరూ నవ్వలేదు.
ఆమెను పూడ్చి పన్నెండు రోజులు.

"లెక్క కట్టు," అన్నాడు ఆన్సెల్ నాతో.
నాలుగు వందల ఎనిమిది అంగుళాల పొడుగులో
శాతంలో నూరో వంతు:
సున్నా పాయింట్ సున్నా నాలుగు సున్నా ఎనిమిది.
అది ఆయన పట్టీలో లేదు.
"వీసం కూడా లేదు," అన్నాను,
"ఇంచుమించు వీసంలో మూడింట రెండు వంతులు."
తప్పించుకుందామంటే మళ్లీ ఆ మూడే.

ఆన్సెల్ గోడ మీది రంపం దించాడు.
"మూడు ముక్కలు కావాలంటే రెండు కోతలు.
ఒక్కో కోతకి ఇది అరపావు తింటుంది.
మొత్తం పావు అంగుళం పొట్టు.
అది ఎవరి వాటాలోంచో
అడగరేం?"

స్టవ్వులో ఏదో చిటపటలాడింది. నా పాత తప్పేమో.

ఎల్డన్ పడవ పక్కకి నడిచి
గోరుతో ఒకచోట గీకాడు.
పెచ్చు ఊడి అరచేతిలో పడింది.
తెలుపు, కింద ఆకుపచ్చ, కింద మళ్లీ తెలుపు,
ఏటా సీజనుకి ముందు ఆవిడ వేసిన పూతలు.
"దీన్ని కొలువు," అన్నాడు.

అచ్చంగా ఆ అంకే రావాలని
కాలిపర్ మూస్తూ కోరుకున్నాను.
రాలేదు. సున్నా పాయింట్ సున్నా మూడు ఎనిమిది.
అబద్ధం చెప్పాలనిపించింది.
ఉన్నదే చదివాను.
"చాల్లే," అంది విలెట్టా,
కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ.
చాలిందో లేదో మర్డక్ చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక
తలుపు వెనక పట్టీ అడుగున
నా చేతిరాతతో ఒక వరుస చేర్చాను.
కుడి పక్క ఆ దశాంశం.
ఎడమ పక్క, భిన్నం ఉండాల్సిన చోట,
"థిర్జా రంగు."
ఆన్సెల్ దగ్గరికొచ్చి చూశాడు.
ఆయనకది కనబడదని నాకు తెలుసు.
"చదువు," అన్నాడు.
మొదటిసారి అడిగాడు.