నూనె కొలత

ఒట్టి పెట్రోలు పోశాను.
చేసిందల్లా అంతే.
ముప్పై వంతులకు ఒక వంతు నూనె కలపాలని
ట్యాంకు మూత పక్కనే తెల్లరంగుతో
ఒటకర్ వంకర రాత ఉంది.
నేను చూసింది
చుట్టూ మెరిసే ఎరుపునే.

బిస్త్రిత్సె దాటాక, ప్లమ్ తోటల పల్లంలో
జావా వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది.
రోడ్డు మీద బారెడు బారెడు నల్లగీత.
తర్వాత చప్పుడు లేదు,
వేడి ఇనుము టిక్కు టిక్కుమని చల్లారడం తప్ప.

నాలుగు కిలోమీటర్లు తోసుకొచ్చాను.
"ఏమైంది ఇవెటా?"
"తెలీదు. దానంతటదే ఆగింది."
మూత తీసి ఒకసారి వాసన చూశాడు,
మళ్లీ పెట్టేశాడు.

నవంబరులో విప్పాం.
షెడ్డులో కిరోసిను, రేడియోలో ఐస్ హాకీ,
గుడ్ల అట్టలో విప్పిన వరుసనే నట్లు.
సిలిండరు పట్టుకుని ఊపి, ఊపి, తిట్టి,
చెక్క సుత్తితో బుజ్జగించి పైకి లాగితే
పిస్టన్ బయటపడింది:
ఒళ్లంతా నిలువు గీతలు,
మైనంలా పూసుకుపోయిన అల్యూమినియం,
గాడిలోనే అతుక్కుపోయిన రింగులు.
కిటికీ దగ్గరికి తీసుకెళ్లి
చుట్టాల ఉత్తరం చదివినట్టు
పెదాలు కదుపుతూ చూశాడు.
నేను నీళ్లు నమిలాను.
"పదమూడు నంబరు స్పానరు," అన్నాడు.
అందించాను.

సిలిండర్లకు ప్రెరోవ్‌లో బోరు కొట్టించాం.
గీత పోవాలంటే గీత లేనిచోట కూడా
అంతే లోతు కోయాలట.
పావు మిల్లీమీటరు లావు పిస్టన్లొచ్చాయి.

జనవరిలో ఒక శనివారం
క్రాంక్‌కేసు వంటింటి ఓవెన్‌లో,
బేరింగులు ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన.
"బాతును ఎక్కడ కాల్చను, నీ నెత్తినా?" అని బ్లాజెనా.
వేడికి ఇల్లు కాస్త విశాలమైంది,
చలికి వచ్చేవాడు కాస్త ముడుచుకున్నాడు,
టక్.
సుత్తి అక్కర్లేకుండా కూర్చుంది.
ఆ చప్పుడుకు ఇద్దరం పిల్లల్లా నవ్వాం.
చెప్పేద్దామనుకున్నాను.
బ్లాజెనా టీ తెచ్చింది.

మార్చిలో, మంచు కరిగి బురదయ్యాక,
పెట్రోలు డబ్బా నా ముందు పెట్టి
చిన్న గాజు కొలత చేతికిచ్చాడు.
చెయ్యి వణికింది.
"ఎప్పుడు తెలిసింది?"
"తోసుకొచ్చిన రోజే. నూనె వాసన లేదు."
"మరి అడగలేదేం?"
ప్లగ్గు తుడుస్తూ కాసేపు ఊరుకున్నాడు.
"అడిగితే నవంబరులోనే అయిపోయేది."

ఆరు కిక్కులకు పలకలేదు.
ఏడోదానికి దగ్గింది.
ఎనిమిదో కిక్కుకు
షెడ్డు గోడ మీది స్పానర్లన్నీ గలగలలాడాయి.
నూనె కొంచెం ఎక్కువే పోసినట్టున్నాను:
నీలిపొగ తలుపు దాటి
అప్పుడే ఆరేసిన దుప్పట్ల మీదికి నడిచింది,
బ్లాజెనా కేకలేస్తోంది,
మాకేం వినబడదు.