చింతగింజల లెక్క

జమ్మికుంటల బండెక్కెటప్పుడు
నా ఎడమ జేబుల ఐదు చింతగింజలుంటయి.
అష్టాచెమ్మకు కాదు.
పేజీల తెలువని మాట తగిలినప్పుడల్లా
ఒక గింజ కుడి జేబులకు పోతది.
ఐదూ పోయినంక ఇంకా పేజీ మిగిలితే
ఆ నవలకు నేనింకా అందలేదన్నట్టు.

ఈ లెక్క నుస్రత్ పెట్టింది.
పెద్దపల్లిల ఎక్కి నాకు కిటికీ సీటు ఆపుతది,
దస్తీ పరిచి, దాని మీద డిక్షనరీ పెట్టి.
డిక్షనరీకి అదొక్కటే పని, తెరవొద్దని షరతు.
తొంభై రోజులు, వెయ్యి పేజీలు.
ఓడినోళ్లు కాజీపేట స్టేషన్ బయట
నెల రోజులు చాయ్ పోయించాలె.

జపనీస్ ఎందుకే నీకు అంటరు ల్యాబుల.
మొదాలు నౌకరీ కోసమే.
పరీక్ష రెండుసార్లు పోయింది.
పుస్తకాలు పారేయబుద్ధి కాలే, గంతే.

తొలుత ఓడ కెప్టెన్ కథ పట్టుకున్న.
ఇటుకంత లావు. అట్ట మీది సముద్రం జూసి మోసపోయిన.
మొదటి పేజీలనే గింజలొడిసినయి,
నుస్రత్ దగ్గర అప్పు తీసుకున్న.
తెరచాపకు ఎన్ని తాళ్లో, తాడుకొక పేరు.
నేనెరిగిన నీళ్లు మానేరు డ్యాం కాడికే.
"సిగ్గువడకుండ మూసెయ్" అన్నది,
"ఒగల చెప్పులేసుకొని గుట్టెక్కుతరా ఎవలన్న?"

రెండోది హత్య కథ.
నలభై పేజీలు మస్తు ఉరికింది.
తర్వాత పోలీసోళ్లు మాట్లాడుడు షురువు జేసిండ్రు.
పంచనామా, వాంగ్మూలం, పోస్టుమార్టం...
చంపినోడెవడో నాకిప్పటికీ తెల్వది.

మూడోది పల్చటిది.
మంచు వడే ఊర్ల బట్టలుతికే దుకాణం,
అరవై దాటిన తోమె.
గిరాకీల జేబులల్ల మరిచిపోయినవన్నీ
డబ్బాలల్ల దాచి పేర్లు రాస్తది:
బస్సు టికెటు, గుండీ, సగం రాసిన చిట్టీ.
పెద్దక్షరం పక్క పొంటి చిన్నక్షరాలు
జాతరల ఏలు పట్టుకొని నడిపిచ్చినట్టు.

తోమె బట్ట ఉతికిందా, ఉతకలేదా
వాక్యం అడుగుకు దిగిందాక తెల్వది.
క్రియ ఆఖర్ల కూసుంటది.
ఇంగ్లీషు నుంచి వచ్చెటోళ్లకు తిప్పలంట.
నాకేం ఆగమనిపియ్యలే,
మా మేనత్త తగువు చెప్పినా అంతే,
ఎవరు ఎవర్ని కొట్టిండ్రో చివరికి గాని చెప్పదు.

మంచు నేను చూడలే.
కానీ కొత్త పత్తి దిగిన పొద్దు
మార్కెట్ యార్డు గేటు దాటొస్తుంటే
రెప్పలకు, జడకు, టిఫిన్ డబ్బా మూతకు తెల్లగ.
ప్లాట్‌ఫారం మీద నిలబడి దులుపుకున్న,
తోమె గడపల నిలబడి దులుపుకున్నట్టు.
సల్లగ లేదు, అదొక్కటే తేడా.

ఒకనాడు నుస్రత్ రాలే, పిల్లకు జరమంట.
ఉప్పల్ యాదికుంది.
హసన్‌పర్తి ఎప్పుడు పోయిందో,
కాజీపేటల ఎంతమంది దిగిండ్రో.
తలకాయ లేపితే పెండ్యాల.
కుడి జేబు తడిమిన, ఒక్కటే గింజ.
ల్యాబు నుంచి ఫోన్.
"బండి లేటు సార్" అన్న.
బండి పాపం టయానికే ఉన్నది.

ఆ ఒక్క గింజ సంగతి చెప్పాలె.
సమేరు అనే మాట.
తోమె పోసిన చాయ్ తాగెటోడు లేక
సల్లవడ్డది, సమేరు.
తెల్లారగట్ల కల తెగి మెలకువొచ్చింది,
అదీ సమేరే.
నలభై ఏండ్ల కింద ఎవరో మరిచిపోయిన నీలి చొక్కా
రంగు వెలిసింది, మళ్ల సమేరు.
చప్పుడొక్కటే, రాత మాత్రం మూడు తీర్లు.
డిక్షనరీ నుస్రత్ దస్తీ మీదనే ఉన్నది,
అప్పుడూ తెరవలే.
చొక్కా కాడ ఊరికెనే తెలిసింది.

తొంభయ్యో నాటికి నావి ఏడువందల పన్నెండు.
నుస్రత్‌వి వెయ్యిన్నొక్కటి,
ఆ ఒక్క పేజీ నన్ను ఉడికియ్యడానికే చదివింది.
చాయ్ పైసలు నావే.

స్టేషన్ బయట గ్లాసు పట్టుకొని అడిగిన:
ఆ మాటకు ఒక్క గింజ కదిపిన నేను,
మూడు కదపాల్నా మరి?
ఆమె ఆలోచన చేస్తనే ఉన్నది,
ఇద్దరి గ్లాసులల్ల చాయ్
సల్లవడుతున్నది.