ఏకగ్రీవం

కనిగిరి బస్టాండు ఎదురు సందులో
ఎరువుల కొట్టు మీద మా ఆఫీసు.
మెట్లెక్కేటప్పుడు యూరియా వాసన
ఎక్కాక బీడీ వాసన
కూర్చున్నాక మనుషుల వాసన.

పదిహేను మందిమి కమిటీ.
పదిహేనోవాణ్ణి నేను, ఏసోబుని.
ముత్యాల్లాంటి రాత అని
ఇరవైరెండేళ్ళ కిందట మినిట్స్ పుస్తకం నా ఒళ్ళో పెట్టారు.
మా పల్లె బోరునీళ్ళు ఎముకల్లో గడ్డకట్టి
నాకు మెడ తిరగదు, వంగదు.
ఔనని ఊపలేను, కాదని ఊపలేను.
రాసేవాడికి ఇంతకన్నా అర్హతేముంది
అన్నాడు అప్పటి కార్యదర్శి.
నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన మొన్న మాఘంలో పోయాడు.
పెద్దదినం భోజనాల దగ్గరే
ఒక బంతి రెండు బంతులయింది.
వెలుగొండారెడ్డి వడ్డించినచోట తిరుపాలు మనుషులు కూర్చోలేదు.
తిరుపాలు పిలిచిన టీకి మాలకొండయ్య పోలేదు,
పోయాడని ఎవరో మోస్తే
రాత్రి పదకొండింటికి రెడ్డి తలుపు కొట్టి
పోలేదని ఒట్టేసి వచ్చాడు.

ఇవేవీ పుస్తకంలో లేవు.
"సభ్యులు తమ అభిప్రాయాలు తెలిపిరి."
కుర్చీ గాల్లోకి లేచిన రోజూ ఇదే వాక్యం.
సుబ్బరత్తమ్మ బల్ల చరిచి
"ఏందియ్యా మీ ఇద్దరి గోల,
బిందె పట్టుకోని నిలబడేది మేమా, మీరా?"
అని ఏడ్చిన రోజూ ఇదే వాక్యం.

అజెండాలో మూడో అంశం ఎప్పుడూ ఒకటే.
మా పల్లె నీళ్ళ ఫిల్టరు, చెడిపోయి పద్నాలుగు నెలలు.
పక్కన నా ముత్యాలు: "కాలాభావం వలన వాయిదా."
మొదటి అంశానికి మాత్రం
చివరి బస్సు పోయినా మాటలు తెగేవి కావు.

నిన్న చేతులెత్తమన్నారు.
అటు ఏడు. ఇటు ఏడు.
పద్నాలుగు తలలూ నా వైపు తిరిగాయి,
ఎంత సులువుగా తిరిగాయో.

నా చెయ్యి భుజం దాటి లేవదు.
లేచినంత లేపాను.
"లేచింది!" అన్నాడు వెలుగొండారెడ్డి.
"యాడ లేచింది, గోక్కుంటన్నాడు" అన్నాడు తిరుపాలు.
కొలిచారు. నిజం,
టైలరు ఖాదర్‌వలీ జేబులోంచి టేపు తీశాడు.
మూడో అంశం అడుగుదామని ఎత్తానయ్యా, అన్నాను.
అది కొలతలోకి రాలేదు.

అప్పుడు ఒంగోలు నుంచి ఫోను.
స్పీకర్లో పెట్టారు.
నెల కిందట మనలో చేరినాయన,
గ్రానైటు లారీల చక్రధరరావు,
ఆ పేరు చెప్పి అవతల పెట్టేశారు.
ఎవరూ పలకలేదు.
కింద కొట్లో తక్కెడ చప్పుడు వినబడింది.
ఆయన అప్పటికే సందు మొదట్లో కార్లో ఉన్నాడంట.
దండ కోసం ఇద్దరూ ఒకేసారి లేచారు,
ఒకాయన ఈ కొస, ఒకాయన ఆ కొస.
"ఏసోబూ, ఏకగ్రీవమని రాయి."

రాశాను.
ఏకగ్రీవమంటే ఒకటే మెడరా అని
బళ్ళో తెలుగయ్యవారు చెప్పింది గుర్తొచ్చింది.
ఆ ఒక్క మెడ మీద దండ పడుతుంటే
పూల కింద చేతులు, ఎన్ని చేతులో,
మెడ ఎంత లావుందో తడిమి చూసుకుంటున్నాయి.

పేరు కింద ఇంకా అరపేజీ మిగిలింది.
భుజం దాటి లేవని చెయ్యి
కాగితం మీద ఎంత దూరమైనా పోతుంది.
"మూడవ అంశము. ఫిల్టరును పదిహేను దినములలో
కమిటీ నిధి నుండి బాగుచేయించుటకు
ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

చదవకుండా సంతకాలు పెట్టారు,
ఎదుటివాడి సంతకం తనకంటే పైన ఉందా అని మాత్రం చూసుకుంటూ.
సుబ్బరత్తమ్మ ఒక్కతే చదివింది.
ఏమీ అనలేదు.
కొంగుతో ముక్కు తుడుచుకుని, గట్టిగా నొక్కి పెట్టింది.

పుస్తకం బీరువాలోకి పోయింది.
బీరువాకి ఇప్పుడు రెండు తాళాలు.
ఒకటి ఆయన దగ్గర, ఒకటి ఈయన దగ్గర.

నా పెన్ను ఎవరి జేబులో ఉందో తెలీదు.