కిటికీ ఎంత ఎత్తులో

నరసన్నపేట బైపాసు పక్కన
రేకుల షెడ్డు నాది.
లారీలకు బాడీలు కట్టిన చేతులు
ఇప్పుడు వ్యాన్ల కడుపులో బల్లలు బిగిస్తున్నాయి.
ఒకాయన ఇస్త్రీ బండి చేయించుకున్నాడు.
పలాస కుర్రాడు సెల్లు రిపేరుకి
ఇరవై మూడు సొరుగులు కావాలన్నాడు,
స్క్రూలకి కూడా ఇళ్ళుంటాయని
ఆ వారమే నాకు తెలిసింది.

హైమావతి తెచ్చింది మాత్రం పాత బడి వ్యాను.
కవిటి వైపు ఊళ్ళల్లో
గుమ్మం ముందుకే వెళ్ళి రక్తం తీసి
అక్కడే పరీక్ష చేస్తుందట.
అప్పెంతో ఆమె చెప్పలేదు,
అడ్వాన్సు నోట్ల మడతలు చెప్పాయి.

సీట్లు పీకాం.
కింద బలపం ముక్కలు, జీడిపిక్క ఒకటి,
ఎవరిదో ఎడమకాలి చెప్పు, జానెడైనా లేదు.
మా తవుడు దాన్ని పారెయ్యలేదు,
పనిముట్ల డబ్బా మీద పెట్టాడు.

పొడుగు తొమ్మిదడుగుల రెండంగుళాలు,
వెడల్పు ఐదుకి నాలుగు వేళ్ళు తక్కువ.
ఇందులోనే ఫ్రిజ్జు, గిర్రున తిరిగే ఆ మిషను,
నీళ్ళ డ్రమ్ము, వచ్చినవాళ్ళకి కుర్చీ,
ఆమె నిలబడేందుకు రెండు పాదాల చోటు.
ఇల్లు కట్టేవాడికి గోడవతల పక్కింటివాడుంటాడు,
నాకు గోడవతల రోడ్డే.
ప్రతి బోల్టూ గుంతల్ని తలుచుకుని బిగించాలి,
మలుపుల్లో సొరుగులు నోరు తెరవకుండా
గొళ్ళేలు పెట్టాలి.

అంతా అయిందనుకున్నాక
ఆమె వచ్చి కుర్చీలో కూచుంది.
చెయ్యి చాపి చూసుకుంది.
ఎదురుగా రేకు.
"ఇక్కడో కిటికీ కావాలండి."

దుమ్మొస్తాదమ్మా, చల్లదనం నిలవదు,
రేకు బలం తగ్గిపోద్ది, అన్నాను.

"సూది గుచ్చేటప్పుడు మనిషి
సూది వైపైనా చూడాలి, ఇంకెటైనా చూడాలి.
ఆ ఇంకెటో మనమే ఇవ్వాలి కదండీ."

ఎంత ఎత్తులో అంటే
టేపు అడగలేదు.
తవుడికి క్యారేజీ తెచ్చిన వాళ్ళమ్మని పిలిచింది,
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి
వేళ్ళు నల్లబారిన మనిషి.
"ఇలగ కూకో అప్పా.
నీకు ఎటు సూస్తే బాగుంటాది?"
ఆవిడ మొహమాటంగా కొంగు సర్దుకుని
రేకు వైపే చూసింది, అటు ఏదో ఉన్నట్టు.
చూపు తగిలిన చోట
సుద్దముక్కతో గీత గీశాను.
ముప్పై ఏళ్ళ పనిలో
కన్నుకి కొలత తియ్యడం అదే మొదలు.

గ్రైండరు పెట్టాను. రవ్వలు.
బయట ఇంకా బడి పేరే ఉంది,
పెయింటరు రేపొస్తానన్నాడు.
ముక్క ఊడి కాళ్ళ దగ్గర పడితే
దాని మీద 'విద్యా' అని ఉంది.
వ్యాను మీద మిగిలింది చదివాను:
'లయం'.
ఒళ్ళు ఝల్లుమంది.
గ్రైండరు ఆపకుండానే ఫోను తీసి
రేపు కాదురా, ఇప్పుడే రా అని అరిచాను.

నాలుగు నెలల తర్వాత
సొరుగు పట్టేస్తోందని తెచ్చింది.
చక్రాల మీద ఎర్రమట్టి, ఇసక,
తలుపు సందులో కొబ్బరి పీచు.
రందా పట్టి సరిచేశాక
డబ్బులు తియ్యబోయి ఆగింది.
"కూచోండి, మీదీ చూసేస్తాను."

ఎన్ని బళ్ళు తయారుచేశానో గానీ
పని మీద వచ్చినవాడిలా
ఒక్క దాంట్లోనూ కూచోలేదు.
పిడికిలి బిగించమంది.
నేను ఇంకెటో చూశాను.

కిటికీలో నా షెడ్డు.
ఇంత చిన్నదనుకోలేదు.
వెల్డింగు సెట్టుకి ఎండ తగలకుండా
నేనే కట్టిన 'విద్యా' రేకు, అంచుల్లో తుప్పు,
దాని కింద తవుడు ఒళ్ళు వంచి
ఇంకెవరి వ్యానుకో బల్ల చెక్కుతున్నాడు.
డబ్బా మీద ఆ చెప్పు అలాగే ఉంది.

"అయిపోయింది" అంది.

మిషను తిరిగినంతసేపూ
ఇద్దరం మాట్లాడలేదు.
అంకె చెప్పింది, కాగితం ఇచ్చింది,
నీళ్ళు బాగా తాగమంది.
ఏ నీళ్ళని నేనడగలేదు,
ఆమే చెప్పలేదు.

కాగితం జేబులో పెట్టుకుని
సొరుగు మరోసారి లాగి చూశాను.
చివర్లో ఇంకా కొంచెం పడుతోంది.
వచ్చే నెల మళ్ళీ తెమ్మన్నాను.