ఇరవై మూడో తొట్టి

బియెల్లాలో వాన లేని రోజు చూసుకుని
ఎర్సీలియా తన లాన్చాని తాడు కట్టించి లాక్కొచ్చింది.
అరవై ఏడో సంవత్సరపు బండి.
పాత రంగంతా గోకేశాక
స్నానానికి దిగిన పెద్దాయనలా
కాస్త సిగ్గుపడుతూ నిలబడింది ఒట్టి రేకుతో.

"ఎరుపే కదా?" అన్నాను.
స్పోర్ట్స్ కారుకి ఎరుపు కాకపోతే మరేమిటి,
అడగడం ఒట్టి మర్యాద.
నా డబ్బాల అర వైపు ఓ చూపు చూసి
"నీ ఎరుపుకి నోరెక్కువ" అంది.

నలభై ఏళ్ళు చెర్వో ఒడ్డున ఉన్ని మిల్లులో
అద్దకం తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి.
ఎక్కువగా బూడిద రంగే:
బ్యాంకు గుమాస్తాల బూడిద, పెళ్ళికొడుకుల బూడిద,
శవపేటిక మోసేవాళ్ళ బూడిద.
మూడింటికీ తేడా చీకట్లో తడిమి చెప్పగలనంటుంది.
నేను నమ్మలేదు.
తర్వాత నమ్మాను.

ముందు చక్రాల సంగతి.
నా దగ్గర పని నేర్చుకుంటున్న లోరిస్
వెడల్పాటి అల్యూమినియం చక్రం దొర్లించుకొచ్చాడు,
ఐదు రెక్కలు, మొహం చూసుకునేంత మెరుపు.
ఇంకోటి తీగల చక్రం, డెబ్బై రెండు ఊచలు.
"దీన్ని తోమడానికి పళ్ళ బ్రష్షూ పెన్షనూ రెండూ కావాలి" అన్నాను.
"పెన్షనుంది" అంది.
రెండింటినీ పుచ్చకాయల్లా వేలితో కొట్టి, విని,
మూలన పడున్న పాత ఇనుప చక్రాలు చూపించింది.
పద్నాలుగు అంగుళాలవి, సన్నటివి, అంచుల్లో తుప్పు.
"బండి ఆగినప్పుడే ఎవరైనా చక్రాన్ని చూసేది.
ఆపుకోడానికి కొనుక్కున్నానా నేను?"
లోరిస్ మొహంలో గాలి పోయింది.

రంగుకి మాత్రం పదకొండు రోజులు.
రేకు ముక్కల మీద కొట్టి ఇచ్చిన నమూనాలు,
నెమలికంఠం, దంతపు తెలుపు, ఉల్లిపొర,
సంచిలో వేసుకుని ఊరంతా తిరిగింది.
మధ్యాహ్నం చర్చి మెట్ల మీద పరిచి,
రాత్రి వీధి దీపం కింద,
కుళాయి కింద తడిపి,
ఒకదాన్ని చేపల కొట్టువాడి మంచు గడ్డ మీద కూడా పెట్టిందట.
"ఏ రంగైనా ఒంటరిగా ఉంటే అబద్ధమాడుతుంది" అంటుంది,
"పక్కన ఇంకోటి ఉంటే దొరికిపోతుంది."
అన్నీ దొరికిపోయాయి.

పన్నెండో రోజు ఒక బిస్కెట్ల డబ్బా.
మూత తీస్తే కలరా ఉండల వాసన, అడుగున చిటికెడు ఉన్ని.
డెబ్బై నాలుగులో, ఇరవై మూడో తొట్టిలో,
నీలం ఒక చెంచా ఎక్కువ పడిందట.
పడిందా, వేశావా అంటే
కిటికీలోంచి బయటికి చూసింది.
మేస్త్రీ సుద్దతో అడ్డగీత గీశాడు,
సరుకంతా మళ్ళీ నల్లరంగులో ముంచారు.
"అంతా ముంచలేదు" అంది డబ్బా తడుతూ.

రంగు కొలిచే యంత్రం ఉన్నిని చూసి తికమకపడింది,
నూగుకో అంకె, నీడకో అంకె.
కంటితోనే కలిపాను, తెలుపూ నలుపూ నీలం చుక్కా.
నా భుజం మీంచి ఆవిడ
"ఇంకా."
"ఇంకా."
"చాలు. ఇప్పుడు ఒక్క బొట్టు తప్పు చెయ్యి."
చేశాను.

బండి తీసుకెళ్ళే పొద్దున మాత్రం వాన.
ఒరోపా కొండదారి పట్టింది.
మొదటి మలుపు దాకా కారుంది.
ఆ తర్వాత వానే ఉంది,
వానలోంచి రెండో గేరు మూడోదవుతున్న చప్పుడు.
నా గోళ్ళ కింద ఆ రంగు ఇంకా ఉంది,
థిన్నరు సీసా తీసి, మళ్ళీ అరలో పెట్టేశాను.

గుమ్మంలో లోరిస్ చాలాసేపు నిలబడి
"చక్రాలు చూడటం మర్చిపోయాను" అన్నాడు.