పదమూడో చీటీ

పన్నెండుగురం. నెలకి యాభై పౌండ్లు.
స్విండన్ లైబ్రరీ మేడ మీద గదిలో
మొదటి ఆదివారం, మూడింటి నుంచి నాలుగున్నర దాకా.
ఆ తర్వాత చదరంగం ముసలాళ్ళు వచ్చి
తలుపు దగ్గర దగ్గుతారు.
లెక్క రాసేది నేను.
నీలం సిరా, పొడుగు పుస్తకం,
మా నాన్న కిరాణా కొట్లో నేర్చుకున్న గీతలు.

పాట లేదు, తరుగు లేదు, కమీషను లేదు.
రెహానా చీటీ కారు ఇన్సూరెన్సుకి,
మేరీ గ్రేస్‌ది చెల్లెలి కాన్పుకి టికెట్టు.
అలా పన్నెండు నెలలూ తిరిగాక
పదమూడో నెల కూడా కడతాం.
ఆ చీటీ ఎవరిదీ కాదు.
ఎవరిదీ కాదు గనకే
దానికి అర్జీలొస్తాయి.

ఈ ఏడు ఐదు.
ఒకావిడ ఫారం నిండా క్షమాపణలే:
ఆలస్యానికి, దస్తూరికి,
ముప్పై ఎనిమిదేళ్ళ వయసుకి.
కేర్ హోమ్‌లో చేసే గోవా ఆవిడ, జెసింటా, రాసింది:
"రాత్రి డ్యూటీలో మాత్రల పేర్లన్నీ చదవడం వచ్చింది.
అవి ఎందుకు పనిచేస్తాయో చెప్పేవాళ్ళు లేరు.
చెప్పే చోటికి వెళ్ళాలి."
గిడ్డంగిలో డబ్బాలకి టేపు వేసే మదనపల్లి కుసుమ
అకౌంట్ల కోర్సు అడిగింది.
ఎందుకు అన్న గడిలో ఒకటే వాక్యం:
"మా ఇంట్లో లెక్కలన్నీ
నేను గదిలో లేనప్పుడు జరుగుతాయి."

హైమావతి గొంతు సవరించుకుంది.
మన డబ్బు మనవాళ్ళకి కదా ముందు, అంది.
చీటీ డబ్బుకి మాతృభాష ఉంటుందా వదినా,
అంది రెహానా, బిస్కట్ విరుస్తూ.
చేతులెత్తాం.
ఏడు జెసింటాకి, ఐదు కుసుమకి.
నా చెయ్యి ఎటు లేచిందో
ఇక్కడ రాయను.

కాదన్న ఉత్తరాలు కూడా నేనే రాయాలి.
"విచారిస్తున్నాం" అని మూడుసార్లు రాశాక
నాలుగోదానికి కలం కదల్లేదు.
కారు తీశాను.
ఈ ఊళ్ళో ఒక కూడలి ఉంది, మ్యాజిక్ రౌండెబౌట్,
ఐదు చిన్న చక్రాలు, నడుమ ఎదురు తిరిగే పెద్దది.
కొత్తలో దాన్ని తప్పించుకోడానికి
ఊరంతా చుట్టి వెళ్ళేదాన్ని.
ఆ రోజు మాత్రం
చెప్పాల్సిన మాట దొరక్క
దాంట్లోనే రెండుసార్లు తిరిగాను.

కుసుమ గుమ్మంలోనే విన్నది.
టీ తాగుతారా, అంది.
పంచదార ఎక్కువైంది.
గ్లాసు ఖాళీ అయ్యేదాకా
ఇద్దరం కిటికీలోంచి పక్కింటి బట్టల తాడు చూశాం.

జులై మొదటి ఆదివారం
కొత్త చీటీ మొదలుపెడుతుంటే
యూనిఫాం మీద స్వెటరుతో తనే వచ్చింది.
బల్ల మీద పది ఐదు పౌండ్ల నోట్లు,
ఇస్త్రీ చేసినంత సాపుగా.
"అర్జీ కాదక్కా. పేరు రాసుకోండి.
సెప్టెంబరు చీటీ మాత్రం నాక్కావాలి,
కోర్సు అప్పుడే మొదలు."

సెప్టెంబరు హైమావతిది.
గదిలో ఒక్కరూ మాట్లాడలేదు.
రేడియేటర్ గొట్టం మాత్రం టక్కుమంది.
"నా డిష్‌వాషర్ని నీ చదువు మింగేసిందే పిల్లా,"
అంది హైమావతి చివరికి,
సంచిలోంచి కళ్ళజోడు తీస్తూ.
"రాసుకో. నాది మార్చికి వెయ్యి."

పన్నెండు గడులకే గీసుకున్న పేజీ.
పదమూడోది అడుగున, పేజీ నంబరు పక్కన ఇరికించాను.
ఇప్పుడు మేం పదమూడుగురం,
నెలకి ఆరు వందల యాభై.
ఎవరిదీ కాని చీటీ
పద్నాలుగో నెలకి జరిగింది.

సంతకం పెట్టమని పుస్తకం తన వైపు తిప్పాను.
పెట్టింది. వెంటనే ఇవ్వలేదు.
వేలు పాత ఏడాది పేజీ మీద
పైనుంచి కిందికి మెల్లగా దిగి
ఒకచోట ఆగింది.
"ఇక్కడ కూడిక తప్పిందక్కా," అంది.
"రెండు పౌండ్లు."