రొద తీసేసే మీట

మూడులాంతర్ల దగ్గర మా షాపులోంచి
నాలుగు పెట్టెలు ఆటోలో వేసుకుని
చంపావతి వంతెన దాటి
గోనెసంచుల మిల్లుకి వెళ్ళాను.
మీటింగు హాలుకి కొత్త కళ్ళూ చెవులూ పెట్టాలి.
టేకు బల్ల నడుంలో వైర్లకి కన్నం వేస్తుంటే
మేనేజరు పట్నాయక్ గారు
తన ఒంటికే వేస్తున్నట్టు మొహం పెట్టారు.
చెక్కపొట్టుతో పాటు నారదుమ్ము రాలింది.
ఆ మిల్లులో ఏది కోసినా నారే రాలుతుంది.

గోడకి డెబ్భై అయిదు అంగుళాల తెర.
కప్పులో మైకులు, బల్లిగుడ్లంత, తెల్లగా.
తెర కింద కెమెరా,
ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు మెడ తిప్పుతుంది
పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా.

పట్నాయక్ గారికి నచ్చింది మాత్రం వేరొకటి.
"రొద తీసేస్తుందటగా?"
తీసేస్తుందండి. ఫ్యాను, లారీ హారను, రేకుల మీద వాన,
గోడ అవతల మూడొందల మగ్గాలు,
అటువైపు వాళ్ళకి ఒక్కటీ వినబడదు.
నొక్కి చూపించాను.
మిల్లంతా ఒక మీట కింద పడుకుంది.
ఆయన హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను,
బిల్లు రావాలి కదా.

గురువారం జీతాల చర్చ.
ఓనరుగారు హైదరాబాదులో, పక్కన లాయరు.
ఇటు యూనియన్ వాళ్ళు అయిదుగురు.
మెషీను మొరాయిస్తే చూడ్డానికి మూల స్టూలు మీద నేను.

మగ్గాల దగ్గర బతికినవాళ్ళు
మనలా మాట్లాడరని నాకెవరూ చెప్పలేదు.
అరుస్తారు. లేదంటే చేతుల్తో చెబుతారు.
రెండు వేళ్ళు ఆడిస్తే పోగు తెగిందని,
గుప్పిట భుజానికి తాకిస్తే సూపర్‌వైజరు వస్తున్నాడని,
బొటనవేలు పెదవికి ఆనిస్తే
టీకి పోదామని.

కోరాడ ఎర్నమ్మ లేచింది.
ఇరవై ఎనిమిదేళ్ళుగా మగ్గం మీదుగా వచ్చిన గొంతు.
నా యంత్రం ఆ గొంతుని తూచింది,
మగ్గమనుకుంది,
తీసేసింది.
"వినబడట్లేదమ్మా."
ఆమె ఇంకా గట్టిగా అంది.
యంత్రం ఇంకా శ్రద్ధగా తీసేసింది.
కెమెరా అటూ ఇటూ వెతికి
ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది.

"ఒక్క నిమిషం" అని ఓనరుగారు మైకు ఆపుకున్నారు.
లాయరు వైపు తిరిగీ తిరక్కుండా ఏదో అంటున్నారు.
హాల్లో చప్పుడు లేదు.
గోడ మీద పెదవులే, మూరెడు పెదవులు,
మంచి తెర, పగటివెల్తుర్లో కూడా గీత గీతా కనబడుతుంది.

ఎర్నమ్మ కళ్ళజోడు పైటతో తుడుచుకుంది.
"ఏటంతన్నాడో సెప్పనా?
దసరా దాకా నాన్చీమంతన్నాడు.
కడుపు కాల్తే ఆళ్ళే ఒస్తారంట.
పదిహేనొందలు అడిగినోల్లు
నాలుగొందలకి దిగుతారంట."

పట్నాయక్ గారు నావైపు తిరిగారు.
"ఇది కూడా చేస్తుందా మీ మెషీను?"
లేదండి. ఇది మాది కాదు.

ఎవరూ అరవలేదు.
అయిదుగురి చేతులూ బల్ల మీద కదిలాయి,
వేళ్ళు, గుప్పిళ్ళు, మణికట్లు, గబగబా.
శబ్దం లేదు గనక కెమెరా తిరగలేదు.

"ఆఁ, ఇప్పుడు వినబడుతోందా?" అన్నారు ఓనరుగారు.
"ఇనబడతంది బాబూ" అంది ఎర్నమ్మ. "ఇందాకట్నించీ."

ఆ మాట అటు వెళ్ళిందో లేదో నాకు తెలీదు.
నా చేతిలో రిమోటు చెమటకి జారుతోంది.
మీట నొక్కాను. మూడొందల మగ్గాలూ
ఒక్కసారిగా హైదరాబాదులో మొదలయ్యాయి.
లాయరు చెవులు మూసుకున్నాడు.
"ఏమిటా రొద?"
ఎవరూ చెప్పలేదు.

వెండరు లోపం అని రాసి
బిల్లులో సగం ఆపారు. తక్కిన సగం ఇంకా రాలేదు.
ఆ సాయంత్రం ఖాళీ పెట్టెలు మోసుకుని
గేటు దాటుతుంటే
షిఫ్టు దిగిన గుంపులోంచి ఎర్నమ్మ
నావైపు చూసి
బొటనవేలు పెదవికి ఆనించింది.